గడప మీదుగా ఇవ్వకూడని డబ్బు

అది ఏప్రిల్ తొమ్మిదో తేదీ. ఆ మధ్యాహ్నం లినాస్ బంగాళాదుంపలు తురిమి అట్లు పోశాడు. పైన పుల్లమీగడ వేసి పిల్లలిద్దరికీ పెట్టాడు. ఐదేళ్ల ఊర్తే మారు అడిగి తింది. ఏడాదిన్నర బెనాస్ ఒకటి తిని, రెండోది నెత్తిన పెట్టుకుని టోపీ అన్నట్టు నవ్వాడు. కమురు వాసన పోవడానికి లినాస్ వంటగది కిటికీ రెక్క బార్లా తీశాడు. తర్వాత ఎన్నేళ్లకైనా అట్లు పోసినప్పుడల్లా ఆ కిటికీయే అతనికి గుర్తొచ్చేది.

ఊర్తే అతని కూతురు. బెనాస్ రెండో అంతస్తులో ఉండే జివిలే కొడుకు. భార్య ఎగ్లే పోయాక లినాస్ భూముల కొలతల ఆఫీసులో ఉద్యోగం మానుకుని ఇంట్లోనే ఉండిపోయాడు. తల్లి లేని పిల్ల పొద్దస్తమానం పరాయివాళ్ల మధ్య పెరగడం అతను చూడలేకపోయాడు. జివిలేకు ఆసుపత్రి ల్యాబులో పని. మొగుడు లారీ తోలుకుంటూ స్పెయిన్ దాకా పోయి, నెలకోసారి ఇంటి ముఖం చూస్తాడు. శిశుమందిరంలో చోటు దొరకలేదు. బిడ్డ కోసం ఇచ్చిన సెలవు అయిపోవచ్చింది. ఒకరోజు మెట్ల మీద లినాస్‌ను ఆపి, "మీరెలాగూ ఇంట్లోనే ఉంటారు కదా లినాస్ గారూ, మావాణ్ణి కూడా చూస్తారా?" అని అడిగింది.

చూస్తానన్నాడు. ఎంతకి అన్నది మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. మూడు వారాలు అలాగే గడిచాయి. జివిలే రోజూ సాయంత్రం బిడ్డతో పాటు మొహమాటాన్ని కూడా చంకనెత్తుకుని దిగిపోయేది. మధ్యమధ్య ఊరగాయ పుట్టగొడుగుల సీసాలు, పొగబెట్టిన జున్నుముక్క తెచ్చి ఇచ్చేది. పుట్టగొడుగులు పెడితే కరెంటువాడు ఊరుకోడు. ఎగ్లే బీమా డబ్బు అడుగంటుతోంది. లినాస్ మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాల్సిన రోజు దగ్గరపడుతోంది.

ధర చెప్పడమంటే అతనికి పన్ను పీకించుకోవడం కంటే భయం. ఎక్కువ చెబితే ఆమె బిడ్డను తీసుకుపోతుంది. తక్కువ చెబితే తన ఇల్లు గడవదు. చదువుకున్న ఆయాలు గంటకు ఎనిమిది యూరోలు అడుగుతున్నారని విన్నాడు. తనకు ఏ చదువుందని? పిల్ల జ్వరానికి రాత్రుళ్లు మేలుకున్న చదువు తప్ప. ఆరోజు అట్లు తిప్పుతూ, "ఐదు. గంటకు ఐదు" అని పొయ్యికి నాలుగైదుసార్లు అప్పజెప్పాడు.

సాయంత్రం జివిలే వచ్చేసరికి సేమ్యా వేద్దామని పాలు పొయ్యి మీద పెట్టి ఉన్నాడు. తలుపు తీశాడు. ఆమె బూట్ల నిండా బురద. కింద పైపుల కోసం ముంగిలంతా తవ్విపోశారు.

"లోపలికి రాను. బూట్లు విప్పితే మళ్లీ తొడుక్కోలేను, అంత అలిసిపోయాను. కానీ ఇవాళ డబ్బు సంగతి తేల్చాలి. మీరు నోరు విప్పరు, నాకు నిద్ర పట్టదు" అంటూ సంచీలోంచి కవరు తీసింది.

లినాస్ చెయ్యి చాచాడు. ఆమె చప్పున వెనక్కి లాక్కుంది.

"గడప మీదుగానా! వద్దు బాబూ, ఉన్న దరిద్రం చాలు. మీరే ఇవతలికి రండి."

నిజమే. గడపకు అటొకరు ఇటొకరు నిలబడి ఇచ్చిన డబ్బు నిలవదని ఎగ్లే కూడా అనేది. పైగా పిల్లల ముందు డబ్బు మాటలేమిటి? ఇంట్లో తొడుక్కునే ఉన్నిజోళ్లతోనే లినాస్ గడప దాటాడు.

"చెప్పండి, ఎంత?"

"మూడు..." అన్నాడు. మధ్యాహ్నం వల్లించిన ఐదు నోట్లోనే కరిగిపోయింది.

జివిలే ఏదో అనబోయింది. కింద ఎవరో వీధి తలుపు తీసినట్టున్నారు, మెట్లవెంట చల్లగాలి తోసుకొచ్చింది. వంటగది కిటికీ దాన్ని లోపలికి పీల్చుకుంది. లినాస్ వీపు వెనక తలుపు దభీమని మూసుకుంది.

ఆ తలుపుకు బయట పిడి లేదు. మూస్తే తాళం పడిపోతుంది. తాళంచెవి లోపల మేకుకు వేలాడుతోంది.

లినాస్ తలుపు అంచున గోళ్లు దూర్చి లాగి చూశాడు.

"పాలు..." అన్నాడు లినాస్.

"బెనాస్..." అంది జివిలే.

ఆమె తలుపు గంట మీద వేలు పెట్టబోయింది. లినాస్ ఆ చెయ్యి పట్టుకుని లాగేశాడు. "నొక్కకండి! పాలు పొంగితే మంట ఆరిపోతుంది, గ్యాసు వస్తూనే ఉంటుంది. గంట నిప్పురవ్వ వేస్తే..." మిగతా మాట ఆమెకు అక్కర్లేకపోయింది. ముఖం సున్నంలా అయింది.

"కిటికీ మూసుందా?"

మధ్యాహ్నం తీసిన రెక్క తీసినట్టే ఉంది. నాలుగో అంతస్తు. బెనాస్ మొన్ననే కుర్చీ ఎక్కడం నేర్చాడు. అప్పుడు తనే చప్పట్లు కొట్టాడు.

"ఊర్తే! తల్లీ! తలుపు దగ్గరికి రా!"

చిన్న అడుగుల చప్పుడు. "నాన్నా, నువ్వు బయటెందుకున్నావు?"

"తాళం పడింది బంగారూ. బెనాస్ ఏం చేస్తున్నాడు?"

"ఏమో. వంటింట్లో ఉన్నాడు."

"ముందు పొయ్యి ఆర్పేసి రా తల్లీ. నల్ల బొత్తం తిప్పు."

లోపలినుంచి గట్టిగా, "పొయ్యి ముట్టుకోను."

"ఈ ఒక్కసారికీ..."

"ముట్టుకుంటే చెయ్యి కాలుతుందన్నావు. ఎవరు చెప్పినా, నువ్వు చెప్పినా సరే ముట్టుకోవద్దన్నావు. ఒట్టేయించుకున్నావు."

వేయించుకున్నాడు. ఎంత జాగ్రత్తగా నేర్పాడో అంత గట్టిగా నేర్చుకుంది పిల్ల. లినాస్ నుదురు తలుపుకు ఆనించాడు. మాడిన పాల వాసన సందుల్లోంచి రావడం మొదలైంది.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. అల్దోనా మామ్మ జుట్టు ఉంగరాలు తిరగడానికి చుట్టిన చుట్లతో తొంగిచూసింది.

"ఏమిట్రా ఈ గోల? పిల్లల్ని లోపలేసి, పెద్దాళ్లు బయట సరసాలా? బాగుంది మీ ఆయాతనం!"

"మామ్మగారూ, గ్యాసు! తాళం పడింది!"

మామ్మ మరుక్షణం లోపలికి వెళ్లింది. అగ్నిమాపక దళానికి ఫోనులో అరవడం వినిపించింది. "నాలుగో అంతస్తు! అవునమ్మా, పిల్లలే! నా వయసెందుకు నీకు, ముందు బండి పంపు!"

జివిలే తలుపును భుజంతో గుద్దుతోంది. తలుపు కదల్లేదు. ఆమె ఏడవడం లేదు. "బెన్యూ, బెన్యూ" అని కొడుకు ముద్దుపేరు గొణుగుతోంది అంతే.

"ఊర్తే, విను. ముక్కాలిపీట తెచ్చుకో. దాన్ని తలుపు దగ్గరే వెయ్యి. ఇక్కడే, తెలిసిందా? ఎక్కి, తాళం మీది ఇత్తడి గొళ్లెం రెండు చేతులతో లాగు."

పీట ఈడ్చిన శబ్దం వచ్చింది. మధ్యలో ఆగిపోయింది.

"ఊర్తే?"

పలకలేదు. వంటగదివైపు ఏదో కిర్రుమంది. కుర్చీ కాళ్లా, పీట కాళ్లా? పిల్లను పీట తెమ్మన్నది తనే. ఆ పీట కిటికీ కిందికి పోతే? లినాస్ తలుపు సందుకు చెవి ఆనించాడు. ఎగ్లే ఆసుపత్రి మంచం పక్కన కూడా అతనికి ఇంత భయం వెయ్యలేదు. అప్పుడు చెయ్యడానికేమీ లేదు. ఇప్పుడు చెయ్యాల్సిందంతా తలుపుకు అవతల ఉంది.

"ఊర్తే! మాట్లాడవే!"

"బెనాస్ పీట పట్టుకుని వదలట్లేదు నాన్నా. నాది అంటున్నాడు."

జివిలే నోటినుంచి ఏడుపో నవ్వో తెలియని శబ్దం వచ్చింది. బిడ్డ నేల మీదే ఉన్నాడు. పీట దగ్గర ఉన్నాడు.

"వాణ్ణి కూడా తీసుకురా! తలుపు దగ్గర బస్సాట ఆడదాం అను. నువ్వు డ్రైవరు, వాడు కండక్టరు!"

పీట మళ్లీ కదిలింది. ఈసారి "బుర్ర్... బుర్ర్..." అంటూ దాంతోపాటు రెండు గొంతులు వచ్చాయి. తలుపుకు ఏదో తగిలింది. గొళ్లెం కదిలింది, జారింది.

"బిగుసుకుపోయింది."

"ఇంకోసారి, తల్లీ. ఒళ్లంతా వేలాడేసి లాగు."

టక్కుమంది.

తలుపు పూర్తిగా తెరుచుకునే లోపే లినాస్ పీట మీది పిల్లను ఒక చేత్తో ఎత్తుకుని జివిలేకు అందించి, వంటగదిలోకి పరుగెత్తాడు. పాలు పొయ్యి మీదంతా పొంగిపోయి ఉన్నాయి. మంట లేదు. బొత్తం తిప్పాడు. బుస్సుమనే చప్పుడు ఆగింది. గదిలో గ్యాసు వాసన ఉంది కానీ పలచగా ఉంది. కిటికీలోంచి గాలి వస్తూ పోతూ, వచ్చిన విషాన్ని వచ్చినట్టే బయటికి తోసేసింది. ప్రాణం తీస్తుందనుకున్న కిటికీయే ప్రాణం నిలిపింది. లినాస్ దాని చట్రం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. మూయడానికి చేతులు రాలేదు.

అగ్నిమాపకులు వచ్చారు, ఏవో కొలిచారు, వెళ్లిపోయారు. వాళ్లలో పెద్దాయన ఊర్తేకు తన శిరస్త్రాణం పెట్టాడు. అది కళ్లదాకా దిగింది.

జివిలే బురద బూట్లతోనే వంటగది నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో బెనాస్.

"కవరు తీసుకుపోండి. ఇంకెవరినైనా చూసుకోండి. పిల్లల్ని నమ్మి అప్పగించే మనిషిని కాను నేను" అన్నాడు లినాస్.

"బయటికి రమ్మన్నదెవరు? నేను. గడప, గడప అని చంపిందెవరు? నేను." ఆమె కొడుకు జుట్టులో ఎండిన మీగడను గోటితో గీకుతోంది. "మూడు అన్నారే, అది నిజంగా మీ ధరేనా?"

"కాదు. ఐదు అనుకున్నాను. నోరు రాలేదు."

"ఆరు."

"ఏమిటి?"

"గంటకు ఆరు. మీరు నా చెయ్యి లాగకపోతే నేను గంట నొక్కేదాన్ని. మీకు నాకంటే ఎక్కువ భయం వేసింది, నేను చూశాను. చవగ్గా చూసేవాళ్లు చాలామంది దొరుకుతారు. నా బిడ్డ కోసం ఇంత భయపడేవాళ్లు దొరకరు. కానీ ఒక షరతు. తాళంచెవి మీ మెళ్లో ఉండాలి, గంట కట్టిన ఆవులాగా. ఇంకో తాళంచెవి మామ్మగారి దగ్గర."

"ఆ ఆవు లినాసే, నేను కాదు!" అని గుమ్మంలోంచి అల్దోనా మామ్మ అందుకుంది. "ఆరంటే ఎక్కువే. మా కాలంలో పిల్లల్ని చూస్తే గుడ్లు ఇచ్చేవాళ్లు. నేను మాత్రం తాళంచెవికి గుడ్లే తీసుకుంటాను."

జివిలే మొదటిసారి నవ్వింది. తర్వాతే ఏడ్చింది. మామ్మ ఆమె పక్కన కూలబడి బూట్లు విప్పడం మొదలుపెట్టింది.

వాళ్లు వెళ్లాక లినాస్ బురద తుడిచాడు. తన ఇంటి తలుపు మాత్రం మూయలేకపోయాడు. పీట అడ్డం పెట్టి తెరిచే ఉంచాడు. ఊర్తేకు రొట్టె పెట్టాడు, స్నానం చేయించాడు, పడుకోబెట్టాడు. తలుపు తెరిచే ఉంది. మెట్లమీది చలి నడవలోకి వస్తోంది.

"నాన్నా, రేపు బెనాస్ వస్తాడా?"

"వస్తాడు."

"పొయ్యి ముట్టుకోకపోతే నీకు కోపం వచ్చిందా?"

"లేదు తల్లీ. బాగా గుర్తు పెట్టుకున్నావు."

పిల్ల అటు తిరిగి పడుకుంది. చలికి కాళ్లు ముడుచుకుంది. అది చూసి లినాస్ లేచాడు. మెళ్లోని తాళంచెవిని ఒకసారి తడుముకున్నాడు. పీటను పక్కకు తీశాడు. గాలి లాక్కోకుండా తలుపు అంచును రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కానివ్వకుండా, మెల్లగా మూశాడు.