ఒట్టి చేతుల నడక

ముట్టయిన మనిషి వంటింటి గడప తొక్కకూడదు గానీ, పెంట గంప మొయ్యొచ్చు. గున్నమ్మ ఇంట్లో ఆచారం అంత వీలుగా ఉండేది. కుండలు మైలపడతాయి, పొలం పడదు. కోడలు నీలవేణి కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ రోజుల్లో పశువులశాల నుంచి చేనికి పెంట మోస్తూనే ఉంది. పొత్తికడుపులో ఎవరో చెయ్యిపెట్టి మెలిపెట్టినట్టుండేది. ఆ నొప్పి వస్తుందన్న భయం వారం ముందే వచ్చి కూర్చునేది.

"ఒళ్ళొంచి పనిసేస్తే కడుపు పండుతాది," అనేది అత్త. పండకపోతే ఏమవుతుందో నీలవేణికి తెలుసు. పిల్లలు లేరని పక్కింటి దేముడమ్మ మీదికి సవతి వచ్చింది.

ఒకనాడు గంపతో సహా గట్టు మీద పడిపోతే, మొగుడు సోములు శ్రీకాకుళంలో లేడీ డాక్టరుకి చూపించాడు. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట కూడా పెరిగినట్టుందనీ, ఒంట్లో ఊరే హార్మోన్లకి అదీ నెలనెలా నెత్తురోడుతుందనీ ఆవిడ చెప్పింది. "ఒంటికి కసరత్తు మంచిదమ్మా. రోజూ ఊరికే కాస్త నడు. జబ్బు పోతుందనను, నొప్పి కొంత తగ్గొచ్చు. ఆ రోజుల్లో బరువులు మాత్రం మొయ్యకు."

ఇంటికొచ్చి సోములు తల్లికి ఒక్క ముక్కే చెప్పాడు. "కసరత్తు సెయ్యాలట."

"ఇన్నాళ్ళూ నేనేటి సెప్తన్నాను మరి?" అంది గున్నమ్మ. ఆ నెల గంప మరింత నిండింది.

"బరువులొద్దంది కదా మావా," అని నీలవేణి మొగుడి దగ్గర గొణిగింది.

"బరువు లేకపోతే కసరత్తేటే? ఒట్టి చేతుల్తో తిరిగే ఆడదాన్ని సూసి ఊరేటంటాది?" అన్నాడు సోములు.

నిజమే, ఆ ఊళ్ళో ఆడవాళ్ళు బిందో గంపో లేకుండా వీధిలోకి రారు. తను ఊరికే నడిచిన రోజు ఒక్కటైనా ఉందా అని నీలవేణి వెతుక్కుంది. దొరకలేదు. ఇలాగే మోస్తూ ఏదో ఒక గట్టు మీద చచ్చిపోతానని మాత్రం గట్టిగా అనిపించింది.

మళ్ళీ ముట్టయింది. పొద్దున్నే అత్త దూరం నుంచి గంప చూపించింది. నీలవేణి దాన్ని దాటుకుని వాకిట్లోకొచ్చింది.

"ఎక్కడికే?"

"ఏటి గట్టు దాకా నడిసొస్తాను అత్తా."

"ఇలగైతే నా కొడుక్కి ఇంకోదాన్ని తెస్తాను."

ఇన్నేళ్ళూ భయపడ్డ మాట పట్టపగలు బయటికొచ్చేసింది. ఊరూ పేరూ తెలియని ఓ పిల్ల, ఈ శాల ముందే కడుపు పట్టుకుని కూర్చున్నట్టు నీలవేణి కళ్ళకు కట్టింది.

"తెచ్చుకో అత్తా," అంది. "ఆ పిల్లకి నొప్పొస్తే మాత్రం, గంప సూపించకు."