ఇక్కడికే కదా

నేను ఒక బరువులు కట్టే బెల్టుని. నారింజ రంగు, అయిదు మీటర్ల పొడవు. రెండు కొసల్లో ఇనుప కొక్కేలు, మధ్యలో ఒక పళ్ల చక్రం, దానికో పిడి. పిడిని ఆడిస్తే కటకటమంటూ బిగుస్తాను. ఒకసారి బిగిస్తే మనిషి విప్పేదాకా వదలను. నాకు వచ్చిన విద్య అదొక్కటే.

ఉత్తరాదిన ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. రెండు టన్నుల బరువుతో లాగి పరీక్షించి మరీ బయటికి పంపారు. నన్ను మొదట కొన్న లారీ డ్రైవరు క్యాబిన్‌లో ఆ మూల నుంచి ఈ మూలకి కట్టి, రెండేళ్లు లుంగీలు ఆరేసుకున్నాడు. ఆ తర్వాత తెనాలిలో బసవపున్నయ్య చేతికి వచ్చాను.

బసవపున్నయ్యది ఇళ్లలో నేలకి పాలిష్ పట్టే పని. తోడు ఆయన బావమరిది కోటిలింగం. పాలిష్ మిషను ముగ్గురు మనుషుల బరువు, పైగా అడుగున చక్రాలు. రేపల్లెకో బాపట్లకో వెళ్లాల్సి వస్తే బసవపున్నయ్య నన్ను మిషను మీదుగా వేసి, వ్యాను నేలకున్న రింగులకి తగిలించి, బిగించి, భుజంతో ఒకసారి నెట్టి చూసేవాడు. అంత ఒడుపున్న చెయ్యి లారీవాళ్లలో కూడా చూడలేదు. దసరాకి నా పిడికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం కూడా పెట్టాడు. ఊళ్లో పనైతే మాత్రం నేను సీటు కింద చుట్ట చుట్టుకుని పడి ఉండాల్సిందే. మనుషుల లెక్కలో ప్రమాదాలన్నీ ఊరవతలే జరుగుతాయి.

ఆ రోజు పొద్దున ఊళ్లోనే, కొత్తపేటలో పని ముగించి చెంచుపేటకి బయల్దేరారు.

“బెల్టు ఎయ్యమంటావా బావా?” అన్నాడు కోటిలింగం.

“ఇక్కడికే కదరా. కట్టి ఇప్పేలోపు చేరిపోతాం. ఎనక కూర్చుని పట్టుకో.”

“పట్టుకుంటాలే. ఏడకి పోద్ది!”

రెండు టన్నులు ఆపగల నేను సీటు కింద. రెండు చేతులున్న కోటిలింగం మిషను ముందు. నాకు ఒళ్లు మండింది. చెబుదామంటే నోరు లేదు.

మలుపులో ఒక ఆటో అడ్డం వచ్చింది. బసవపున్నయ్య బ్రేకు వేశాడు. వ్యాను ఆగింది, మిషను ఆగలేదు. క్యాబిన్ గోడకి ఆనుకుని కూర్చున్న కోటిలింగం మీదకి దొర్లింది. కుడి మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు సీటు కిందున్న నాకు కూడా వినిపించింది.

దారిన పోయేవాళ్లు నలుగురు చేరి మిషనుని వెనక్కి లాగి రోడ్డు మీదకి దించారు. ఎవరో కోటిలింగాన్ని చంకల్లో చేతులేసి లేపబోయారు.

“ఎత్తమాకండి!” అని అరిచాడు బసవపున్నయ్య.

మిషనుని వ్యానులోకి ఎక్కించే చెక్క పలకని కాలి కింద పెట్టాడు. తువ్వాలు మడతపెట్టి కప్పి, దాని మీదుగా నన్ను చుట్టాడు. ఒక్కో పన్నే లెక్కగా బిగించాడు. నా జన్మలో నన్నంత మెత్తగా ఎవరూ బిగించలేదు.

“నడుస్తానా బావా?” అన్నాడు కోటిలింగం. రోజంతా నిలబడి చేసే పని అతనిది. బావ వెళ్లి వ్యానుని ఆసుపత్రి వైపు తిప్పాడు.

ఆసుపత్రిలో నన్ను విప్పి బావ చేతికిచ్చారు. కాసేపటికి డాక్టరు ఎక్స్‌రే పట్టుకుని వరండాలోకి వచ్చాడు.

“ఎముక విరిగింది గానీ కదలకుండా తెచ్చారు. కాలు దక్కింది, నడుస్తాడు. కట్టిందెవరు?”

“నేనేనండి.”

“భలే కట్టావయ్యా! ఎప్పుడు నేర్చుకున్నావు?”

“ముందు నుంచీ వచ్చండి,” అన్నాడు బసవపున్నయ్య. ఆ మాట అన్నాక నన్ను మొహానికి అదుముకుని భోరుమన్నాడు. కాలు దక్కిన సంతోషమనుకుని డాక్టరు భుజం తట్టి వెళ్లిపోయాడు.