ఏడు రోజుల ప్రదర్శన

"అక్కా, నువ్వు ఈ చివరికి రా. ఇది బుధవారం ఫోటో," అన్నాడు గుమాస్తా, గోడకు ఆనించిన తేదీ అట్ట మారుస్తూ.

ఆ రోజు సోమవారం. ఆమె పొద్దున ఏడింటికే వచ్చి మిగతా కౌలు రైతులతో పాటు ఆఫీసు వరండాలో కూర్చుంది. వరద తగ్గి ఇరవై రోజులైనా గోడ మీద నడుమెత్తున బురద చార అలాగే ఉంది. ఆమె కౌలుకు చేస్తున్న మూడెకరాలూ కుళ్లిపోయాయి. ఎకరానికి పదివేలు సాయం, అదీ సాగు చేసినవాళ్లకే అని రేడియోలో చెప్పారు. ఆ డబ్బు చేతికొస్తేనే మళ్లీ విత్తనం. అదును పట్టుమని పది రోజులు కూడా లేదు.

మధ్యాహ్నం గుమాస్తా నాలుగు కాగితాలు తెచ్చి, పైఅంచుకు మాత్రం కాస్త జిగురు రాసి గోడకు అంటించాడు. సాయం అందేవాళ్ల జాబితా వచ్చిందని ఆమెకు ప్రాణం లేచొచ్చింది. చదవబోతే, "చదవడం తర్వాత, ముందు మొహాలు ఇటు పెట్టండి," అన్నాడు. జాబితాను ఏడు రోజులు అందరికీ కనబడేలా పెట్టాలని పైనుంచి ఆర్డరు. రోజుకో ఫోటో, అందులో రైతుల మొహాలు. అభ్యంతరాలుంటే ఆ ఏడు రోజుల్లోనే చెప్పుకోవాలి. ఆ గడువు పోయిన మంగళవారం మొదలై ఇవాళ సాయంత్రం ఐదింటికి తీరిపోతుందని తాపీగా అతనే చెప్పాడు. పాపం, అతని చేతికి జాబితా వచ్చిందే ఆ ఉదయం.

ఏడు రోజుల బహిరంగ ప్రదర్శన పావుగంటలో ముగిసేలా ఉంది. గురువారం ఫోటోకి, వేరే రోజులా కనబడాలని, ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. శుక్రవారానికి ఆమె మరిది చొక్కా విప్పి భుజాన వేసుకున్నాడు. ఎవరో నవ్వారు. ఆమెకూ నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. జాబితా వీపు వెనకే, జానెడు దూరంలో ఉంది. తిరిగి చూడ్డానికి లేదు.

"కాస్త ఓపిక పట్టు వదినా. ఆయనకి కోపం తెప్పిస్తే ఉన్న పేరు కూడా కొట్టేస్తాడు," అన్నాడు మరిది.

ఆదివారం ఫోటో కాగానే ఆమె వెనక్కి తిరిగింది. చదువు అంతంతమాత్రం. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. రెండో కాగితంలో తన పొలం నంబరు దొరికింది. మూడెకరాలు. సాగు చేసినవారు అన్నచోట పొలం ఆసామి కొడుకు పేరుంది. పట్నంలో మందుల షాపు నడుపుకునే ఆ అబ్బాయి ఆ గట్టు తొక్కింది ఒకే ఒక్కసారి, కౌలు పెంచుతున్నామని చెప్పడానికి.

"ఇది ఆఖరిది. ఇటు తిరుగు అక్కా."

"తిరగను. ముందు నా అభ్యంతరం రాసుకోండి. ఈ పొలం చేసింది నేను."

"కౌలు కాగితం ఉందా?"

లేదు. ఆసామి నోటిమాట మీదే పదకొండేళ్లుగా చేస్తోంది. కాగితం అడిగితే పొలం పోతుంది. అక్కడ అందరికీ తెలిసిన సంగతే అది.

"నేను నాట్లు వేయడం వీళ్లంతా చూశారు. అడగండి," అంది.

మరిది నేలచూపులు చూశాడు. మిగతావాళ్లూ అంతే. వాళ్లవీ నోటిమాట కౌళ్లే.

ఆమె మాత్రం తిరగలేదు. వెనక ఫోనులో ఫోటో తీసిన చప్పుడైంది. గుమాస్తా ఫోటో చూసుకుని, కోపమేమీ లేకుండానే అన్నాడు.

"అన్నిట్లో ఇదే బాగొచ్చింది. నిజంగా చదువుతున్నట్టే ఉంది."

తర్వాత, ఏడు రోజులూ అయిపోయినట్టే, గోడ దగ్గరికొచ్చి మొదటి కాగితం ఊడదీశాడు. ఆమె రెండో కాగితం మీద అరచెయ్యి ఆన్చి నిలబడింది.