నల్లమైదానం మీద వరదగుడి

ఆ యుద్ధం ఎలా జరుగుతుందో చెప్పమని నన్నెవరూ అడగలేదు. నేనే నోరు ఊరుకోక చెప్పాను. చెప్పాక చూస్తే మా మనవరాలి ఏడాది మొత్తం నా మాట మీద నిలబడి ఉంది.

మా షెర్లీ డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంది. ఊరికే ఉందని వాళ్ళ నాన్న అంటాడు, ఊరికే లేదని నేనంటాను. ఫోన్లో ఒక సీరియల్ వస్తుంది, ‘గాలికోట వారసులు’ అని. పై దేశం వాళ్ళు తీసిందే గాని తెలుగు మాటలు పెట్టారు. అందులో ఎక్కడా లేని రాజ్యాలు, రెక్కలున్న మృగాలు, మబ్బుల్లోకి లేచిన కోటలు. వారానికొక భాగం. అది చూసి, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ముందు ఏం జరగబోతుంది అని షెర్లీ ఫోను ముందు కూర్చుని తెలుగులో విప్పి చెబుతుంది. నాలుగు వేలమంది వింటారు. మా ఊళ్ళో పసిబిడ్డలతో సహా లెక్కేసినా అంతమంది తేలరు.

నేనూ దాని పక్కన కూర్చుని చూస్తాను. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత నోరు తెరుచుకుని చూడటమే. ఆ మృగం ఒక్కసారి రెక్క దులిపితే కొండ మీద రాళ్ళు దొర్లుతాయి. మనుషుల బుర్రలో ఇంత చోటు ఎక్కడుందయ్యా అనుకునేదాన్ని.

మా అబ్బాయి ఆనందరావు నరసరావుపేటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాడు. లెక్కల మాస్టారు కదా, దేనికైనా జవాబు ఒక్కటే ఉండాలి. షెర్లీకి మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ పని చూసి వచ్చాడు. అది ఒక్క ఏడాది ఆగమని బతిమాలింది. ఈ మాటలు చెప్పే పనినే పెద్దది చేసుకుంటానంది. రెండు రోజులు ఇంట్లో అన్నం సహించలేదు. మూడో రోజు వాడే అన్నాడు.

“సరేనే. వచ్చే సోమవారం ఆ పెద్ద యుద్ధం గదా. అది ఎట్టా జరిగిద్దో ముందే చెప్పు. గెలిచేదెవరో కాదు, అది బొమ్మా బొరుసూ, ఎవడైనా చెప్తాడు. ఎట్టా గెలుస్తారో చెప్పు. నిజమైతే ఏడాది దాకా నోరెత్తను. తప్పితే మంగళవారం కోల్డ్ స్టోరేజీకి పోవాల.”

“సరే నాన్నా,” అంది షెర్లీ. అంతే. మాటంటే మాటే.

ఆ యుద్ధం సంగతి చెప్పాలి మీకు. ఒక పక్క వర్గాన్ అనే రాజు. పన్నెండు వేల గుర్రాలు, మనుషులకే కాదు, గుర్రాలకు కూడా ఇనప తొడుగులు. ఇంకో పక్క ఇలీరా. గొర్రెలు కాసుకునే వాళ్ళ పిల్ల, ఏవేవో జరిగి రాణి అయింది. ఆమెకున్నది మూడు వేలమంది కాలిబంట్లు, కాళ్ళకు చెప్పులు కూడా లేవు. ఒక ముసలి రెక్కల మృగం, దానికీ ఒక రెక్క చిరిగింది. యుద్ధానికి చోటు మాత్రం ఆమే ఎంచుకుంది. నల్లమైదానం. చెట్టు లేదు, చెమ్మ లేదు. తన వాళ్ళను ఒక దిబ్బ మీద నిలబెట్టి ఊరుకుంది. ఈ పిల్లకి మతిపోయిందని ప్రపంచమంతా ఫోన్లలో రాస్తున్నారట. మృగం వచ్చి నిప్పు ఊది కాల్చేస్తుందని కొందరు, రాజును సొంత తమ్ముడే పొడుస్తాడని కొందరు.

ముందటి వారం భాగం చివర్లో యుద్ధానికి ముందు రాత్రిని చూపించారు. ఆకాశంలో చంద్రుడు, చుట్టూ తెల్లటి వలయం. రాజు దగ్గరున్న మాంత్రికుడు దాన్ని చూసి, అది మృత్యుకిరీటం అన్నాడు. ఇక ఎవరి మృత్యువు అని అందరూ కొట్టుకుంటున్నారు. షెర్లీ కూడా తల పట్టుకుంది.

“కిరీటం లేదు, గిరీటం లేదు. అది వరదగుడే!” అన్నాను నేను.

“అంటే ఏంది నాయనమ్మా?”

“చంద్రుడి చుట్టూ గుడి కడితే వాన వచ్చిద్ది. చిన్నప్పుడు బళ్ళో చెప్పలా మీకు? ఆ రాజు మైదానంలో నడుస్తుంటే వాడి కాలు నెర్రెలో దిగింది, చూశావా? అది రేగడి నేల. ఎండితే ఇనుము, తడిస్తే బంక. పొద్దుటికి అక్కడ వాన దంచి పోసిద్ది. ఆ ఇనప గుర్రాలు డొక్కల దాకా దిగబడతయ్. చెప్పుల్లేని వాళ్ళు నడిచిపోయి గెలుస్తారు.”

నాకు రేగడి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆనందరావు కడుపులో ఉన్న ఏడు, పత్తి బండి మీద వస్తుంటే నడి పుంత దారిలో వాన పట్టుకుంది. రెండు జతల ఎడ్లు కట్టినా కాడి విరిగింది గాని చక్రం కదల్లేదు. మోకాళ్ళ దాకా దిగి నడిచి ఇల్లు చేరాను.

షెర్లీ ఆ ముక్క పదిసార్లు వేసి చూసింది. దాని కళ్ళు పెద్దవయ్యాయి. “నాయనమ్మా, ఈ మాట ఎవ్వరూ చెప్పలా. ఏ దేశంలోనూ ఎవ్వరూ చెప్పలా!”

అప్పుడే పక్కింటి యల్లమంద వచ్చాడు. బండలాగుడు పందేలకు ఎడ్లను మేపుతాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న, అక్కా అంటాడు. ఫోను దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“నేల రేగడే, ఒప్పుకుంటా. గుడి చూడక్కా, చంద్రుణ్ణి అంటుకొని ఉంది. దగ్గర గుడి, దూరం వాన. ఆ మైదానంలో చినుకు పడదు.”

“ఫోను చిన్నది గాబట్టి గుడి అట్టా కనపడతంది.”

“ఫోను చిన్నదైతే చంద్రుడూ చిన్నగానే ఉంటాడు గదా!”

“నాకు చెప్పొచ్చావా? పోయి నీ ఎద్దులకి చెప్పుకో.”

“ఎద్దులు వింటయ్ అక్కా. అదే తేడా.”

షెర్లీ పడీపడీ నవ్వింది. కాని నా మాటే పట్టుకుంది. మైదానంలో వాన పడుతుంది, గుర్రాలు కూరుకుపోతాయి, మా నాయనమ్మ చెప్పింది అని ఫోన్లో చెప్పేసింది. ఎగతాళి చేసిన వాళ్ళు ఎగతాళి చేశారు. పత్తి చేలో కూర్చుని గుర్రాల యుద్ధం చెబుతున్నారని ఒకడు రాశాడట.

ఆ వారమంతా నాకు కుదురు లేదు. చంద్రుడి పక్కనే ఆ గుడి కళ్ళలో మెదిలేది. దగ్గరా, దూరమా? ఆదివారం చర్చిలో తల వంచి, లేని దేశంలో వాన కురిపించమని ప్రార్థన చేశాను. అది దేవుడికీ నాకూ తప్ప తెలియదు.

సోమవారం పొద్దున ఆరున్నరకు వచ్చింది ఆ భాగం. షెర్లీ ఫోన్లోది టీవీలోకి కలిపింది. ఆనందరావు బడికి తయారై, ఏడుంపావు బస్సుకు పోవాలని గుమ్మంలోనే నిలబడ్డాడు. యల్లమంద టీ గ్లాసుతో గడప మీద కూర్చున్నాడు.

తెల్లవారింది, అక్కడ. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఒక్క మబ్బు లేదు.

షెర్లీ నా చెయ్యి పట్టుకుంది.

“ఎండ బాగా కాస్తంది,” అన్నాడు ఆనందరావు. దెప్పుదామని కాదు, ఉన్న మాట.

గుర్రాలు వరస కట్టాయి. నేల ఎక్కడ అయిపోతుందో అక్కడి దాకా గుర్రాలే. ఇనుము మీద ఎండ పడి కళ్ళు చెదిరాయి. పన్నెండు వేలూ ఒక్క అడుగు వేస్తే మా ఇంట్లో బల్ల మీది గ్లాసులు గలగలమన్నాయి. పైన ఆ ముసలి మృగం తిరుగుతోంది గాని కిందికి దిగదు. భయపడిందని రాజు నవ్వాడు. కత్తి ఎత్తాడు. గుర్రాలు కదిలాయి. ఎండిన నేల, రాయిలాంటి నేల, దుమ్ము లేచి సూర్యుణ్ణి కప్పింది. దిబ్బ మీద ఆ మూడు వేలమంది కదలరు, మెదలరు. షెర్లీ కళ్ళు మూసుకుంది. పిల్లని ముంచానే దేవుడా అనుకున్నాను.

అప్పుడు చూశాను. ముందు వరస గుర్రాలు, ఎవరూ కళ్ళెం లాగకుండానే, ఆగాయి. చెవులన్నీ ఒక్క వైపుకు, కొండ వైపుకు తిరిగాయి.

ఇద్దరు పట్టుకుంటే గాని లేవని దాన్ని, ఎట్లా లేచానో తెలియదు. “వాగు! వాగొస్తందిరా!”

“యాడుందమ్మా వాగు?” అన్నాడు ఆనందరావు.

“చెవులు చూడరా! గుర్రాల చెవులు!”

నాకు పదేళ్ళప్పుడు ఎండిపోయిన వాగులో మా అమ్మా నేనూ ఇసకలో చెలమ తవ్వి నీళ్ళు తోడుతున్నాం. మాడిపోయే ఎండ. పక్కన మేకలు ఉన్నట్టుండి తలెత్తి చెవులు నిక్కించాయి. మా అమ్మ బిందె అక్కడే పారేసి, నా జుట్టు పట్టుకుని గట్టు మీదికి ఈడ్చింది. మా నెత్తిన చినుకు లేదు. ఎక్కడో కొండల్లో పడింది వాన. వాగు మాత్రం మేమున్న చోటు మీదుగానే పోయింది.

టీవీలో కాసేపు ఏమీ లేదు. పది అంకెలు లెక్కపెట్టేంత సేపు. తర్వాత మైదానం అంచున, మేమంతా నీడ అనుకున్న గీత ఒకటి కదిలింది. ముందు చెత్త వచ్చింది. పుల్లలు, గడ్డి, నురగ, దుమ్ము. వాటిని నెట్టుకుంటూ ఎర్రటి నీళ్ళు, తొందరేమీ లేనట్టు. నీళ్ళు గుర్రాల మీద పడలేదు. నెర్రెల్లోకి దిగాయి. నేల తాగింది. ఆ చప్పుడు మీరు వినాలి. వెయ్యేళ్ళ దాహం ఉన్నట్టు గుటకలు వేసింది నేల, ప్రతి నెర్రె నుంచీ బుడగలు లేచాయి. తర్వాత ఉబ్బింది. పన్నెండు వేల గుర్రాలు, వాటి మీద పన్నెండు వేలమంది మనుషులు, డొక్కల దాకా దిగబడి, ఎక్కడివాళ్ళక్కడ పోతపోసిన బొమ్మల్లా ఆగిపోయారు.

దిబ్బ మీద ఎవరూ కేక వెయ్యలేదు.

మృగం అప్పుడు దిగింది. కాల్చడానికి కాదు. పైనుంచి ఆ నీళ్ళ రాకను అదొక్కటే చూసింది. నెమ్మదిగా దిగి, రెక్కలు ముడుచుకుని, వంగి నీళ్ళు తాగింది. అంత పెద్ద తల, అంత మెల్లగా వంచి.

ఇలీరా దిబ్బ దిగి ఆ బురదలో ఒంటరిగా నడిచింది. అడుగు తియ్యడం, అడుగు వెయ్యడం. ఎంతసేపు నడిచిందో. రాజు కత్తి ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఆమె అతని మొహం చూడనే లేదు. ముందు గుర్రం కళ్ళెం పట్టుకుంది, దాని నుదురు నిమిరింది. “దిగు. నువ్వు మీదుంటే ఇది పైకి రాలేదు,” అంది. రాజు కత్తి దించాడు. తర్వాత దిగాడు. ఆయన్ని చూసి పక్కవాడు దిగాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. యుద్ధం అంతటితో అయిపోయింది.

యల్లమంద తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయిందట, ఆనందరావుకు వినపడలేదు.

ముందు తేరుకున్నది యల్లమందే. “చినుకు పడిందా అక్కా?”

“పడలా.”

“గుడి దగ్గరా, దూరమా?”

“దగ్గరే లేరా. చంపమాక.”

నేను కొడుకు వైపు తిరిగాను. “రేగడే గదా? గుర్రాలు దిగబడ్డయ్ గదా? చెప్పుల్లేని పిల్ల నడిచే గెలిచింది గదా?”

“మైదానంలో వాన పడిద్దన్నారు,” అన్నాడు వాడు. ఆ మాట అనడం వాడికీ ఇష్టం లేదు, గొంతే చెప్పింది. “పడలేదమ్మా.”

“ఒక్క చినుక్కోసం పిల్ల గొంతు నులుముతావంట్రా?”

“వద్దు నాయనమ్మా. తప్పే,” అంది షెర్లీ. ఏడవలేదు. ఫోను తీసుకుని లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. కాసేపటికి దాని గొంతు వినపడింది.

“అందరికీ నమస్కారం. మేం చెప్పింది తప్పు. వాన పడిద్దన్నాం, పడలేదు. యాడ తప్పామో చెప్తా. ఆ గుడి చంద్రుడికి దగ్గరగా ఉంది. దగ్గరుంటే వాన దూరం. మా పక్కింటి యల్లమంద తాత ఆ రోజే చెప్పాడు. మేం వినకుండా నవ్వాం.”

“నా పేరు చెప్పింది!” అని యల్లమంద నా భుజం పొడిచాడు. “నాలుగు వేలమందికి!”

“ష్,” అన్నాడు ఆనందరావు.

షెర్లీ చెబుతూనే ఉంది. మూడో భాగంలో ఇలీరా పసిపిల్లగా ఉన్నప్పుడు ఎండిన వాగులో కూర్చుని ఆడుకుంటుంటే వాళ్ళ అమ్మ కొట్టి లేపింది, ఎందుకు కొట్టిందో అప్పుడు మనకు అర్థం కాలేదు అంది. ఐదో భాగంలో గొర్రెల్ని ఎండవేళ దిబ్బ మీదికి తోలారు, అదీ మనం చూశాం అంది. అన్నీ మన ముందే పెట్టారు, మనం రాజుల్ని చూశాం గాని నేలని చూడలేదు అంది. కాగితం లేదు, తడబాటు లేదు. ఒక్కొక్క ముడీ విప్పి, ఎక్కడ వేశారో చూపించి, మళ్ళీ కడుతోంది. నేను ఎత్తుకు తిప్పిన పిల్లేనా ఇది అని చూస్తుండిపోయాను. ఆ యుద్ధం చూసినప్పుడు ఒళ్ళు ఎట్లా జలదరించిందో, దాని మాటలు వింటుంటే అట్లాగే జలదరించింది.

ఆనందరావు తలుపు పక్కన గోడకానుకుని, చేతులు కట్టుకుని, వెనక బెంచీ కుర్రాడిలా విన్నాడు. చానాసేపు విన్నాడు. జేబులోంచి ఫోను తీసి వరండాలోకి పోయాడు. మెల్లగా మాట్లాడాడు గాని నా చెవులు ఇంకా బాగానే ఉన్నాయి.

“నేనండీ, ఆనందరావుని. మా అమ్మాయి రేపు రాదండీ... లేదు లేదు, ఒంట్లో బాగానే ఉంది.” గది వైపు చూశాడు. “పనిలో ఉందండీ.”

పొయ్యి మీద కుక్కర్ కూత పెట్టబోతూ బుసకొడుతోంది. నేను లేచేలోపు వాడే పరిగెత్తిపోయి స్టవ్ ఆపేశాడు.