పనిలో ఉన్న మనిషి

మొదటి గది ఆరేలోపే రెండోది మొదలుపెట్టాలి. అట్రాక్టా డర్కన్ మోకాళ్ల కింద గోనెపట్టా జరుపుకుని, బ్రష్షు మీద రెండు చేతుల బరువూ వేసింది. నాలుగు రుద్దులకు ఒకసారి ఆగుతోంది. ఇదివరకు గది మొత్తం అయ్యాకే ఆగేది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. వేళ్ల కణుపుల దగ్గర చర్మం చాకలిసోడాకు పగిలి ఎర్రగా విచ్చుకుంది. మేయో జిల్లాలోని ఆ చిన్న ఊళ్లో ఇరవై రెండేళ్లుగా గచ్చు కడగడానికి అందరికన్నా ముందు బ్యాంకు తలుపు తెరిచేది ఆవిడే.

ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, వెంటనే ఆసుపత్రిలో చేరమని డాక్టరు బుధవారమే చెప్పాడు.

"శనివారం చేరతానండీ. శుక్రవారం దాకా పనికి వెళ్లాలి."

ఎందుకో ఆయనకు చెప్పలేదు. ఇంటి కప్పు కోసం తీసుకున్న అప్పులో ఇంకా పదకొండు వందల పౌన్లు ఈ బ్యాంకుకే కట్టాలి. ఇంటి కాగితాలూ ఇక్కడి ఇనప్పెట్టెలోనే ఉన్నాయి. తను పోతే ఆ బాకీ తమ్ముడు ఫెస్టీ నెత్తిన పడుతుంది. పోలియో వచ్చి ఒక కాలు ఈడ్చే ఫెస్టీకి నాలుగు కోళ్లు తప్ప ఆధారం లేదు. ఇల్లు పోతుంది. మేనేజరు చెడ్డవాడేం కాదు. "రూలు అట్రాక్టా, నేనేం చేయను?" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నాలు చర్చి హాల్లో నడిచే పరపతి సంఘానిది వేరే రూలు. అక్కడ ఊరివాళ్లు దాచుకున్న డబ్బే ఊరివాళ్లకు అప్పు. తీసుకున్న మనిషి చనిపోతే అప్పు కూడా ఆ మనిషితోనే పోతుంది. ఇంట్లోవాళ్లను ఎవరూ అడగరు. షరతు ఒక్కటే: డబ్బు అందుకునే రోజున ఆ మనిషి తన పని తాను చేసుకుంటూ ఉండాలి.

అందుకే, సంఘం అప్పు చేతికందే ఆ శుక్రవారం, వీధిలో పోయేవాళ్లంతా చూసేలా బ్యాంకు బయటి మెట్లు కూడా కడిగింది.

హాల్లో బల్ల వెనక నువాలా టియర్నీ కూర్చుని ఉంది. పక్కింటావిడే. జీతం లేకుండా సంఘం పద్దులు రాస్తుంది.

"నీ దగ్గు గోడ అవతల నుంచి వినిపిస్తోందే," అంది, కాగితం ముందుకు జరపకుండా.

"నీ గురక నాకు వినిపించడం లేదూ? ఎప్పుడైనా అన్నానా?"

వరసలో ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నువాలా నవ్వలేదు.

"అడక్క తప్పదు. ఇవాళ పనికి వెళ్లావా?"

"పోయి బ్యాంకు గచ్చు చూసిరా. నీ మొహం కనిపిస్తుంది. అంత బాగుండదనుకో."

నువాలా ఆ చేతుల వంక చూసింది. తర్వాత 'పనిలో ఉన్నారు' అన్న గడిలో టిక్కు పెట్టింది.

"ఇక్కడ సంతకం చెయ్యి," అని పదకొండు వందల పౌన్లు లెక్కపెట్టి ఇచ్చింది.

హాలు నుంచి బ్యాంకుకు రెండు వందల గజాలు. దుకాణాల అద్దాల్లోకి చూస్తున్నట్టు నటిస్తూ మూడుసార్లు ఆగింది. మూడు గంటలకు బ్యాంకు మూసేలోపు చేరుకుని బాకీ మొత్తం కట్టేసింది. గుమస్తా లెక్క సరిచూసి ఇంటి కాగితాల కవరు ఇచ్చాడు.

"మమ్మల్ని వదిలేస్తున్నారా ఏమిటండీ?"

"గచ్చును వదల్లేదుగా."

ఇంట్లో ఫెస్టీ బంగాళాదుంపలు ఉడకబెడుతున్నాడు.

"ఏంటక్కా ఇది?"

"ఇల్లు. తడిచేత్తో ముట్టుకోకు."

కోళ్లను గూట్లో పెట్టడానికి అతను పెరట్లోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి అట్రాక్టా కుర్చీలో తల పక్కకు వాల్చి ఉంది. నిద్రపోయిందనుకుని తన కోటు కప్పాడు. ఆమె లేచాక కలిసి తిందామని దుంపలు చల్లారిపోయేదాకా ఎదురుచూశాడు.

అంత్యక్రియలు అయ్యాక, మరుసటి శుక్రవారం ఫెస్టీ కాలీడ్చుకుంటూ హాలుకు వచ్చి, బల్ల మీద అయిదు పౌన్ల నోటు పెట్టాడు.

"ఈ వారం వాయిదా."

"బాకీ లేదు ఫెస్టీ."

"ఎవరు కట్టారు?"

"మీ అక్కే. ఆ రోజు పనికి వెళ్లి కట్టింది."

అతనికి అర్థం కాలేదు. "వాయిదా తప్పితే అక్క ఊరుకోదు," అన్నాడు మెల్లగా. నువాలా ఆ నోటును మడిచి అతని కోటు జేబులో పెట్టి, గుమ్మం దాకా సాగనంపింది.

తిరిగొచ్చి పద్దు మూసింది. సిరాబుడ్డి పక్కన, సంతకం చేసిన నాడు అట్రాక్టా మరిచిపోయిన కళ్లజోడు అలాగే ఉంది. విరిగిన కాడకు నల్లదారం చుట్టి ఉంది, అద్దాల మీద సబ్బునీటి చుక్కలు ఎండి తెల్లగా మచ్చలు కట్టాయి.