రాజీ సాక్ష్యం

ఆళ్లగడ్డ పక్క పల్లెలో ఇద్దరు నాయకుల కక్షకు ఏళ్ల తరబడి మనుషులు బలయ్యారు. ఎన్నికల ముందు ఆ ఇద్దరూ ఒకే పార్టీలో చేరి రాజీపడ్డారు. ఆ రాజీకి ముందే హేమలత భర్తను ఎదుటి వర్గంవాళ్లు జీపులో ఎత్తుకుపోయి చంపారు. ఆ ఎత్తుకుపోయినవాళ్లను చూసింది ఆమె ఒక్కతే. రాజీ తర్వాత ఆమె దగ్గరికి భర్త నమ్ముకున్న సొంత నాయకుడే వచ్చాడు.

“ఎవర్నీ చూడలేదని కోర్టులో చెప్పుమ్మా. ఊర్లో ఇంగ సావులు వద్దు.”

“మల్ల మా ఆయప్ప ఎవరికోసం సచ్చినట్లన్నా?”

నాయకుడు లేచి చెప్పులేసుకున్నాడు.

ఇంకో ఇంట్లో ఈ ఏడుపు వద్దనుకుని ఆమె నంద్యాల కోర్టులో అలాగే చెప్పింది. బయట, ఎత్తుకుపోయినవాళ్లలో ఒకడు, ఆమె మాటతో కేసు నుంచి బయటపడ్డ శేషయ్య చేతులు జోడించాడు.

“మా ఆయప్ప ఆఖర్న ఏమన్నా అడిగినాడా?” అందామె.

“నీళ్లడిగినాడు.”

“ఇచ్చినారా?”

శేషయ్య తల దించుకున్నాడు.

ఈ మాట తెలిస్తే కొడుకు కత్తి పడతాడు. వాడికి ఎన్నటికీ చెప్పకూడదనుకుని హేమలత బస్సెక్కింది.