చాంద్‌బీ గాజులు

జమ్మలమడుగులో గాజులమ్మే చాంద్‌బీ సోమవారం సోమవారం మొదటి బస్సుకు తొండూరు పోయేది. గాజుల మలారం భుజానేసుకుని ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ల చేతులు మెత్తగా పిసికి గాజులెక్కించేది. చేయి పట్టుకుంటే ఏ ఆడమనిషైనా నాలుగు మాటలు చెప్పుకుంటుంది. అట్లా ఊరి కష్టాలన్నీ ఆమెకు తెలుసు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఆమె రొమ్ములో గడ్డ లేచింది. రాచపుండన్నారు. తమ్ముడు షరీఫ్ ఎర్రగుంట్లలో రైలెక్కించి మద్రాసు తీసుకుపోయాడు. అక్కడ రొమ్ము తీసేసి, గడ్డ మళ్లా లేవకుండా కరెంటు పెట్టారు. ఆమె బతికి వచ్చింది. వచ్చినప్పటి నుంచి, గడ్డ ఉన్న ఆడమనిషికి ఆమె గాజులు వేస్తే అవి రంగు పోయి నీళ్ల మాదిరి తెల్లబడేవి. దానికి ఎవరూ వింతపడలేదు. ఫలానా బావి నీళ్లు ఉప్పన అన్నట్టే, చాంద్‌బీ గాజులు తెల్లబడతాయని చెప్పుకునేవాళ్లు.

గాజులు తెల్లబడిన ఇంట్లో తలుపేసి, రవిక విప్పి తన కుట్లు చూపించేది. "చూడమ్మా, బతికే ఉండా గదా. మద్రాసుకు తోడు నేనొస్తా" అనేది. అయిదుగురికి తెల్లబడితే ఇద్దరే ఆమెతో రైలెక్కారు. ఆ ఇద్దరినీ ముదిరిపోయిందని డాక్టర్లు వెనక్కి పంపారు.

ఆరో మనిషి గురవమ్మ. తొండూరులో పెద్ద రైతు ఆదినారాయణ భార్య. గడ్డ ఇంకా శనగ్గింజంతే ఉంది. చాంద్‌బీ మద్రాసు మాట చెబితే ఆదినారాయణ అరుగు మీద నుంచి లేవకుండానే విన్నాడు.

"డాక్టరు ముందర నా పెండ్లాం రవిక విప్పల్లనా?"

"విప్పల్లప్పా. నేను విప్పినా. సిగ్గు పోయింది, పానం మిగిలింది."

"నీ మాట వేరు. మళ్లా ఈ గడప తొక్కొద్దు."

గురవమ్మ తెల్లగాజుల చేతులు కొంగులో దాచుకుని లోపలికి పోయింది. పదకొండు నెలలకు చచ్చిపోయింది. కడాకు ఆ పుండు వాసన వీధి మలుపు దాకా వచ్చేదట. ఆ తర్వాత ఊరంతా చాంద్‌బీకి తలుపులు మూశారు. గురవమ్మ పక్కింటి వనజమ్మ మాత్రం కిటికీ లోంచి మాట్లాడింది.

"తెలిసి ఏం జేస్తాం చాంద్‌బీ? తెలీకుంటే ఈ ఏడు పండగన్నా చేసుకుంటాం."

చాంద్‌బీ ఆ మాటతోనే వెనక్కి తిరిగింది. తొండూరు పోవడం మానేసింది. మలారం గోడకు తగిలించి, నేనొక్కదాన్నే ఎందుకు మిగిలినానని కూచునేది.

ఒక మధ్యాహ్నం ఆమె ఇంటి ముందర బండి ఆగింది. ఆదినారాయణ దిగాడు. మనిషి సగమైపోయాడు. వెంట ఇరవై ఏండ్ల పిల్ల.

"మా తమ్ముని పెండ్లాం, నిర్మలమ్మ. గాజులెయ్యి."

చాంద్‌బీ ఎర్రగాజు తీసింది. అది మణికట్టు చేరకముందే తెల్లబడింది. నిర్మలమ్మ దాన్ని కొంగుతో ఒకసారి తుడిచి చూసి, తల వంచుకుంది.

"రైలెన్ని గంటలకు?" అన్నాడు ఆదినారాయణ.

మద్రాసులో చాంద్‌బీ ఆ పిల్ల చేయి వదల్లేదు. సిగ్గుతో ఆమె చెప్పలేనిది డాక్టరుకు వచ్చీరాని అరవంలో తానే చెప్పింది. ఆపరేషన్ బల్ల దాకా నడిచింది. మొదట్లోనే తెచ్చారు, బతుకుతుంది అన్నాడు డాక్టరు.

ఆ సాయంత్రం ఆస్పత్రి వరండాలో ఆదినారాయణ అడిగాడు.

"ఆ పొద్దు గురవమ్మను పంపించింటే?"

చాంద్‌బీ ఎదురుగా కూచుంది. అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు.

"బతికేదప్పా."

అతను తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. భుజాలు కదిలిపోతూనే ఉన్నాయి. ఆమె లేచి పోలేదు, ఓదార్చనూ లేదు. దీపాలు వెలిగే వేళకు అతను మొహం తుడుచుకున్నాడు.

"ఊరికి పోయినాక ఇల్లిల్లూ తిరుగుదాం. నేను ముందర నిలబడితే తలుపు తీస్తారు. గురవమ్మ బతికేదన్న ఈ మాటే చెప్పు" అన్నాడు. "నా పేరు పెట్టి చెప్పు."